మా చెరువులో పులస ఉందట!

మా ఊరి చెరువులో పులస ఉందని పంచాయతీ కాగితంలో చదివిన రోజు నాకు నవ్వాగలేదు. మాది సిద్దిపేట జిల్లా. సముద్రం మాకు మూడొందల కిలోమీటర్ల పైమాటే. పులస వానాకాలంలో సముద్రం నుంచి గోదాట్లోకి ఎదురీదే చేప. మా చెరువుకు రావాలంటే జూబ్లీ బస్టాండులో దిగి, మళ్లీ సిద్దిపేట బస్సెక్కాలి.

ఆ కాగితం పేరు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్. పంచాయతీ ఆఫీసు బీరువాలో, ఓటర్ల లిస్టుల కింద, స్పైరల్ బైండింగు చేసి ఉంది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. మా ఊళ్లో 12 ఎకరాల కొబ్బరి తోట ఉందని కూడా అందులో రాసుంది. ఊళ్లో కొబ్బరి చెట్లు ఉన్నవే నాలుగు, అందులో రెండు మా సర్పంచ్ ఇంటి వెనక. ఎక్కడో కోస్తా వైపు తయారుచేసిన ఫైలులో ఊరి పేరు మార్చి ప్రింటు తీశారని తేలిగ్గానే అర్థమైంది.

అసలు ఆ కాగితం నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి. జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అప్పటి నిబంధనల్లో ఒక చైర్మన్, ఆరుగురికి మించకుండా సభ్యులు. అందులో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు. కమిటీ ముఖ్యమైన పని, ఊరి వాళ్లను అడిగి ఊళ్లోని చెట్టూ చేమా, పశువూ పక్షీ, విత్తనం, వాటి గురించి జనానికి తెలిసిందీ ఒక రిజిస్టరులో రాయడం. చట్టం వచ్చి పదిహేడేళ్లయినా చాలా ఊళ్లలో ఈ పని జరగలేదు. 2019లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ గట్టిగా పట్టుకుంది. 2020 జనవరి 31 లోపల అన్ని రాష్ట్రాలూ పూర్తిచేయాలి, లేదంటే ఫిబ్రవరి నుంచి నెలకు 10 లక్షలు కట్టాలి అంది. ఇక చూడండి హడావిడి. మా ఊరికి ఎవరో ఏజెన్సీ వాళ్లు వచ్చి ఒకరోజు ఫోటోలు దిగి పోయారట. పులస అప్పుడే చెరువులో పడి ఉంటుంది.

2022 ఎండాకాలంలో కమిటీలో ఒక మహిళా సభ్యురాలి జాగా ఖాళీ అయింది. ఆమె కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయింది. సెక్రటరీ సారు మా మామయ్యను అడిగారు, "మీ కోడలు బీఎస్సీ బాటనీ గదా, పేరు రాసుకుంటున్న" అని. నన్ను ఎవరూ అడగలేదు. పేరుకే కదా అని నేనూ ఊరుకున్నాను. మొదటి సమావేశంలో పాత రిజిస్టరు తెప్పించి చూడకపోతే ఆ పేరు పేరుగానే ఉండిపోయేది. పులస సంగతి చెప్తే అందరూ నవ్వారు. చైర్మన్ మాత్రం నవ్వలేదు. "అయితే నువ్వే సక్కగ రాయి బిడ్డా" అన్నాడు. అలా ఇరుక్కున్నాను.

జూన్ చివర్లో డప్పు చాటింపు వేయించి, పంచాయతీ హాల్లో కూర్చున్నాం. పదకొండు మంది వచ్చారు. అందరూ మగవాళ్లే. ఒక్కొక్కరినీ చెట్ల పేర్లు చెప్పమంటే వేప, తుమ్మ, మర్రి, రావి, చింత, మళ్లీ వేప. రెండు గంటలకు ఇరవై మూడు పేర్లు. మధ్యలో రైతుబంధు డబ్బులు ఎప్పుడు పడతాయన్న దాని మీద అరగంట పోయింది. నా కాపీలో ముప్ఫై చిల్లర ఫారాలు ఖాళీగా ఉన్నాయి. పంటలకు ఒకటి, పండ్ల చెట్లకు ఒకటి, పశువుల మేతకు ఒకటి, కలుపు మొక్కలకు ఒకటి, చేపలకు, మందు మొక్కలకు, నేల రకాలకు, సంతలకు. టెన్షన్ మొదలైంది.

ఇంటికొచ్చి చెప్తే అత్తమ్మ చింతపండు గింజలు తీస్తూ అంది: "కుర్చీల కూసున్నోళ్లకు చెట్ల పేర్లేం ఎరుక? రేపు నాతోని చెల్కకు రా."

*

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. అంతకు వారం ముందు మంచి వాన పడింది. పత్తి చేనులో కలుపు తీయడానికి ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల వెనక నేను నోటుబుక్కుతో. కలుపు తీసేవాళ్లు మొక్కను పీకి అలా పడేస్తారనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. పీకింది చేతిలోనే రెండు వాటాలవుతోంది. ఒకటి గట్టు మీదికి, ఒకటి కొంగులోకి.

కొంగులోకి పోయేదంతా కూర. గునుగు లేత చిగురు, దొగ్గలి, గంగవాయిలి, ఎలుకచెవి, తెల్ల గలిజేరు. తుమ్మి కూరను మాత్రం గట్టు మీద అలాగే వదిలారు. అది వినాయక చవితి నాటికి కావాలట. ఆ రోజు తుమ్మి కూర తినకుండా మా దిక్కు పండుగ కాదు. ఒక్కో మొక్క పేరు చెప్తూ ఎవరు తినాలో, ఎవరు తినకూడదో, ఏ వానకు లేస్తుందో, పప్పులో వేయాలో ఉత్తగా వేయించాలో చెప్తుంటే నా చెయ్యి నొప్పెట్టింది. అర ఎకరంలో గంట సేపు తిరిగితే ముప్ఫై ఒక్క పేర్లు. హాల్లో పదకొండు మంది మగవాళ్లు రెండు గంటల్లో చెప్పినవి ఇరవై మూడు.

అప్పుడే ఒక పిచ్చి సంగతి జరిగింది. అత్తమ్మ ఒక మొక్క తెంపి చేతిలో పెట్టింది. సన్నటి కాడ, కోల ఆకు, చివర్న లేత గులాబీ రంగు పూల వెన్ను. "ఇది చెంచలి. మొన్న పప్పుల తిన్నవు గదా" అంది. నేను ఆ వెన్ను చూస్తూ నిలబడిపోయాను. డిగ్రీ రెండో ఏడు హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల సేకరణలో, నేను స్వయంగా అతికించిన మొక్క అది. డైజీరా మ్యూరికేటా, అమరాంథేసీ కుటుంబం. ప్రాక్టికల్స్‌లో దానికి మార్కులు కూడా వచ్చాయి. పెళ్లయ్యాక ఏడేళ్లుగా పప్పులో తింటున్నాను. రెండూ ఒకటేనని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా కాలేజీ హెర్బేరియం షీటు మీద "స్థానిక నామం" అన్న గీత ఖాళీగానే వదిలేసి ఉంటాను, ఇప్పుడు గుర్తు లేదు.

అత్తమ్మకు చదువు రాదు. రాత్రి వంటయ్యాక నేను రాసింది చదివి వినిపించమంది. విని, నాలుగు చోట్ల ఆపింది. ఒక మొక్కకు నేను రాసిన పేరు మా అమ్మగారి ఊరి పేరు. "గది మీ కరీంనగరం మాట. మా ఊరి కాయిదంల మా ఊరి మాట రాయి" అంది. కొట్టేసి రాశాను. అమ్మవాళ్ల ఊరి పేరు బ్రాకెట్లో పెడతానంటే దానికీ ఒప్పుకోలేదు!

తర్వాత మరో చేనుకు పోదామంటే అత్తమ్మ వద్దంది. అక్కడ గడ్డిమందు కొట్టారు. గడ్డిమందు కొట్టిన చేనులో కూర తెంపరు. కూలీలు దొరక్క, దొరికినా రేటు గిట్టక రైతులు మందు కొడుతున్నారు. వాళ్లను అనడానికి నాకు నోరు రాదు, మేమూ ఒక ఎకరంలో కొట్టించాం. కానీ దానివల్ల ఏం పోయిందో బతుకమ్మ నాడు తెలుస్తుంది. గునుగు పూవు చేన్లలో కలుపుగా మొలిచేదే. మా వదినల చిన్నప్పుడు పొద్దున పోయి గంపెడు తెచ్చేవారట. ఇప్పుడు పిల్లలు బండ్లేసుకుని పక్క మండలం గుట్టల దాకా పోతున్నారు. నిరుడు మేము సిద్దిపేట మార్కెట్లో కట్ట ఇరవై పెట్టి కొన్నాం. కలుపని మందు కొట్టి చంపిన దాన్నే డబ్బులిచ్చి తెచ్చి దేవత నెత్తిన పెట్టాం.

రిజిస్టరు నింపేటప్పుడు గునుగుతోనే పెద్ద చిక్కొచ్చింది. ఏ ఫారంలో రాయాలి? కలుపు మొక్కల్లోనా, తినే అడవి మొక్కల్లోనా, మేతలోనా, పూజకు వాడే వాటిలోనా? నాలుగింట్లోనూ రాశాను. ఫోన్ చేసి అడిగితే జిల్లాలో ఈ రిజిస్టర్ల పని చూసే మేడమ్ "అలా రాయొచ్చమ్మా, మంచిదే" అన్నారు. ప్రాణం లేచొచ్చింది.

*

చేపల కోసం చెరువు దగ్గరికి తెల్లారి ఐదింటికి పోవాలి. మా ఊళ్లో చేపలు పట్టేది ముదిరాజులు. వాళ్ల చేపల సొసైటీలో పెద్దాయన ఒకరున్నారు, ఊరంతా తాత అనే పిలుస్తారు. అక్టోబరులో ఒక ఆదివారం మా ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లాను. తాత థర్మాకోల్ పలకల తెప్ప మీద నుంచి వల తీసి ఒడ్డున దులుపుతున్నాడు.

వలలో పడ్డవాటిని మూడు కుప్పలు చేశాడు. పెద్ద కుప్ప బొచ్చె, రవ్వు, బంగారుతీగ. ఇవి సర్కారు ఉచితంగా ఇచ్చే పిల్లతో పెరిగినవి. 2016 నుంచి ఏటా వదులుతున్నారు. అంతకు ముందే మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీశారు, నీళ్లు నిలుస్తున్నాయి. సొసైటీలో కుటుంబాలకు నాలుగు డబ్బులు కనిపిస్తున్నది దీనివల్లే, అది ఒప్పుకోవాలి. రెండో కుప్ప జిలేబి చేప, అంటే తిలాపియా. ఎవరూ వదలకుండానే చెరువంతా నిండిపోయింది. మూడోది కుప్ప కూడా కాదు, దోసెడు. అందులో వేలెడంత చందమామలు, బుడ్డపరకలు, రెండు జెల్లలు, ఒక పాపెర.

తాత ఆ దోసెడును వేళ్లతో విడదీసి చూపించాడు. చందమామను ఎండకు ఎత్తిపట్టాడు. దాంట్లోంచి వెలుతురు అవతలికి పోతోంది. లోపలి ముల్లు గీతలా కనిపిస్తోంది. "మా నాయిన కాలంల గివే గంప నిండ పడేటియి. ఎండబెట్టి ఎండకాలమంత తిన్నం. గిప్పుడు గివన్ని కలుపు చేపలంట" అన్నాడు.

కలుపు చేపలా? అదేం మాట అనుకున్నాను. తర్వాత చూస్తే చేపల పెంపకం పుస్తకాల్లో నిజంగానే ఆ మాట ఉంది. పెంచే చేప తిండిని పంచుకునే చిన్న చేపలన్నీ కలుపు చేపలే. కొర్రమట్ట, అంటే కొర్రమీను, సంగతి ఇంకో రకం. అది పిల్ల చేపల్ని తినేస్తుంది కాబట్టి పిల్ల వదిలే ముందు దొరికిన కాడికి పట్టేస్తారు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది కొర్రమీనునే. తాతకు ఆ విషయం చెప్తే చాలాసేపు నవ్వాడు. "అయితే మేము రాష్ట్ర చేపనే కూర వండుకుంటున్నమా? కేసేమన్న పెడతరా బిడ్డా?"

మొత్తం పదిహేడు రకాలు చెప్పాడు. అందులో ఆరు అతను పదేళ్లుగా చూడలేదు. ఫారంలో "ప్రస్తుత స్థితి" అన్న గడి ఉంది. అందులో "పోయింది" అని రాయబోతుంటే తాత ఆపాడు. "పోయిందని రాయకు. అలుగు దునికిన ఏడు పైచెరువు నుంచి రావచ్చు. కనవడ్తలేదని రాయి." అలాగే రాశాను. పాత రిజిస్టరు సంగతి కూడా చెప్పాను. పులస పేరు వినగానే, "గదెక్కడుందో సూపెట్టుమను, కిలో అయిదు వేలంటరు" అన్నాడు.

*

అన్నీ ఇంత తేలిగ్గా జరగలేదు. పసరు మందు ఇచ్చే ఒకాయన ఉన్నాడు. పచ్చకామెర్లకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వస్తారు. మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ఇంట్లో లేనని చెప్పించాడు. రెండోసారి చాయ్ పోయించాడు. మూడోసారి సూటిగా చెప్పాడు: "చెట్టు పేరు చెప్త. మందు చెప్ప. మా నాయిన నాకు చెప్పిండు. నేను నా కొడుక్కే చెప్పలే, వాడు హైదరాబాద్ల కారు నడుపుతుండు. నీకెట్ల చెప్తనమ్మా?"

నేను పసుపు కథ చెప్పాను. గాయం మానడానికి పసుపు వాడడం మీద 1995లో అమెరికాలో ఒక పేటెంటు ఇచ్చారు. మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రికలు చూపించి అది కొత్త విషయం కాదని రుజువు చేసి 1997లో రద్దు చేయించింది. రాసి ఉంది కాబట్టే గెలిచాం అన్నాను. ఆయన విని, బీడీ ఆర్పి, "రాసి ఉంది గనుకనే వాడు సదివిండేమో" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ గడిలో "చెప్పడానికి ఇష్టపడలేదు" అని రాశాను. అలా రాయించుకునే హక్కు ఆయనకుంది. బీఎస్సీలో ఇది నాకెవరూ చెప్పలేదు.

రాయకూడనివి ఇంకా ఉన్నాయని గుట్ట మీద తెలిసింది. ఊరికి తూర్పున మా గుట్ట. రెవెన్యూ రికార్డులో పోరంబోకు, ఊరి నోట్లో "ఖాళీ జాగ". కురుమ పెద్దాయన వెంట గొర్లతో పాటు పొద్దంతా తిరిగాను. అంత నడక నేను మళ్లీ నడవలేను. చెప్పులు తెగి ముళ్లు గుచ్చుకుని అరికాలు వాచింది. పరికి, బలుసు, రేగు, తునికి, మోదుగు, చండ్ర, కలిమె, సీతాఫలం. గొర్రె ముందు నోరు పెట్టేది దేనికి, ఏ నెలలో ఏది తింటే పాలు దిగుతాయి, ఏది తింటే కడుపుబ్బుతుంది, అంతా గొర్రె పేరుతోనే చెప్తాడు. "దీన్ని గొర్రె ముట్టది", "దీనికి గొర్రె ప్రాణమిస్తది". సర్కారు తుమ్మను చూపించి, "కాయ తింటయి గని ఇది వచ్చినంక కింద గడ్డి లేదు" అన్నాడు.

ఆయన మందలో నల్ల గొర్రెలు తొమ్మిదే ఉన్నాయి. దక్కనీ రకం. మిగతావన్నీ నెల్లూరు రకం, బొచ్చుండదు, బరువు తొందరగా వస్తుంది, సంతలో రేటు పలుకుతుంది. గొంగడి నేయాలంటే నల్ల గొర్రె ఉన్ని కావాలి. ఆ తొమ్మిదింటిని ఎందుకు ఉంచుకున్నావు మామా అని అడిగితే, భుజం మీద గొంగడి సర్దుకుని, "మల్లన్న పట్నానికి గొంగడి లేకుంట పోతమా?" అన్నాడు. పట్నం అంటే మల్లన్నకు ముగ్గులేసి చేసే మొక్కు. ఫారంలో "పెంచడానికి కారణం" అన్న గడిలో ఆ మాటే రాశాను.

మధ్యాహ్నం సద్ది విప్పుకున్నాక, ఒక బండ వైపు చూపించి అక్కడ తను చూసిన ఒక జీవి గురించి చెప్పాడు. ఏ జీవో ఇక్కడ కూడా రాయను. రెండు తలల పాము పేరుతో, ఇంకో రెండు మూడు జంతువుల పేరుతో లక్షలొస్తాయని తిరిగే ముఠాల సంగతి పేపర్లో చూస్తూనే ఉంటాం. రిజిస్టరు పదిమంది చేతుల్లో తిరిగే కాగితం. అందులో బండ గుర్తుతో సహా రాస్తే నేనే దారి చూపించినట్టు. కమిటీలో మాట్లాడుకుని, అలాంటివాటికి పేరు మాత్రం రాసి, జాగా రాయకూడదని అనుకున్నాం.

*

రాతపని అంతా అయ్యేసరికి 2023 వానాకాలం. శాస్త్రీయ నామాలు నేనే చూసుకున్నాను. అనుమానం వచ్చినవి మా కాలేజీ మేడమ్‌కు వాట్సాప్‌లో పంపాను. ఆవిడ ఓపిక్కి దండం పెట్టాలి, రాత్రి పదకొండుకు కూడా "ఆకు వెనక వైపు ఫోటో పంపు" అని మెసేజ్ పెట్టేవారు. బడిపిల్లలు పక్షుల వంతు తీసుకున్నారు. ఎనిమిదో తరగతి వాళ్లు పద్నాలుగు మంది, రెండు జట్లు. నేను నీటికాకి అని రాసుకున్న దాన్ని వాళ్లు బుడుబుంగ అని దిద్దారు. రెండూ నీళ్లలో మునిగేవే కాబట్టి నేను తికమకపడ్డాను.

అక్టోబరు 2 గ్రామసభలో చదివి వినిపించాం. ఈసారి ఆడవాళ్లు వచ్చారు. అత్తమ్మ ముందు వరసలో, నేను ఎక్కడ తప్పు చదువుతానా అన్నట్టు కూర్చుంది. కూరల దాకా బాగానే నడిచింది. జంతువుల ఫారంలో "కోతులు, అడవి పందులు" అనగానే సభ లేచింది. "వాటిని గూడ రాసినవా? రాస్తే రేపు కాపాడుమంటరు!" అని ఒకాయన. ఆయన మక్క చేను పందులు ఒక్క రాత్రిలో దున్నిపోయాయి, ఆయన కోపం అబద్ధం కాదు. కోతుల వల్ల మా ఊళ్లో కూరగాయలు పెట్టేవాళ్లే లేరు. కొట్టేయమన్నారు. కొట్టేయలేదు గానీ, వాటి పక్కనే ఎవరి పంట ఎన్ని గుంటలు ఎప్పుడు పోయిందో ఒక పేజీ కలిపాం. ఆ పేజీ నింపడానికి మాత్రం నేను ఎవరింటికీ పోలేదు, వాళ్లే వరస కట్టి వచ్చారు. అలా రాసిచ్చాక ఇద్దరికి అటవీశాఖకు పెట్టుకునే పరిహారం దరఖాస్తులో అది పనికొచ్చింది కూడా.

గుట్ట దగ్గర అసలు గొడవ. అప్పటికి మూడు నెలలుగా రాత్రిళ్లు టిప్పర్లు వచ్చి మొరం తోడుకెళ్తున్నాయి. ఎవరివో ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఎవరైనా అంటే, "ఖాళీ జాగ గదా, ఎవరికేం నష్టం" అనేది జవాబు. ఆ రోజు నేను గుట్ట పేజీలు చదివాను. నలభై ఆరు రకాల చెట్లూ పొదలూ. మూడు మందల మేత. సీతాఫలాలు ఏరి అమ్ముకునే పదహారు ఇళ్లు. తూర్పు వాలులో నేల మీద గుడ్లు పెట్టే తీతువులు. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సీతాఫలాలు ఏరే ఒక చిన్నమ్మ వెనక నుంచి లేచి, "ఖాళీ అని ఎవడన్నడు? మేము పొద్దంత ఆడనే ఉంటిమి" అంది. దాంతో ఒక్కొక్కరూ నోరు విప్పారు.

తీర్మానం అయింది. కమిటీ అభిప్రాయం లేకుండా గుట్ట మీద తవ్వకానికి పంచాయతీ ఒప్పుకోదని. దాంతో ఆగిపోయిందా అంటే, తూర్పు వైపు ఆగింది. పడమటి వైపు, రోడ్డుకు దగ్గరగా ఇంకో నెల తవ్వారు. ఇప్పుడు అక్కడ ఇంటి పునాదంత లోతు గుంత. వానకు నీళ్లు నిండితే పిల్లలు పడతారేమోనని ముళ్లకంప వేయించాం. పిటిషన్ పెట్టాం, రసీదు ఉంది.

కమిటీకి డబ్బుల సంగతి అడుగుతారు కదా అందరూ. చట్టం ప్రకారం మా ఊరి పరిధిలో మందు మొక్కలో ఇంకేవో వ్యాపారం కోసం సేకరించేవాళ్ల దగ్గర కమిటీ రుసుము తీసుకోవచ్చు. మాకు ఇప్పటిదాకా రూపాయి రాలేదు. నోటుబుక్కులు, జిరాక్సులు, నా తెగిన చెప్పులు అన్నీ ఇంట్లో ఖర్చే. మా ఆయన లెక్క రాసి పెట్టాడు, చూపించి నవ్వుతాడు.

2024 ఫిబ్రవరిలో పంచాయతీ పాలకవర్గం గడువు అయిపోయి స్పెషల్ ఆఫీసరు వచ్చారు. కమిటీ సంగతి ఎవరూ మాట్లాడలేదు. రిజిస్టరు మాత్రం బీరువాలో ఓటర్ల లిస్టుల కింద కాకుండా బల్ల మీద పెట్టమని అడిగాను, సెక్రటరీ సారు పెట్టారు. చివర్న యాభై తెల్లకాగితాలు కలిపి కుట్టించాను, ఏటా ఏమైనా మారితే రాయడానికి.

మొన్న బతుకమ్మ ముందు ఒకపనికి ఆఫీసుకు వెళ్లి తిరగేశాను. తెల్లకాగితాల్లో మొదటి దాని మీద పెన్సిలుతో ఎవరో రాశారు, బడిపిల్లల రాత. "గునుగు: ఈ ఏడు మాదిగ చెరువు కట్ట కింద చెల్కలో ఉంది. మందు కొట్టలేదు. ఎవరికీ చెప్పకండి, మేము తెంపుకున్నాక చెప్తాం."